స్టువర్టుపురం కథ ఎవరి నోట?

2023 దసరా సెలవుల్లో మా అక్క కొడుకును వెంటబెట్టుకుని చీరాలలో 'టైగర్ నాగేశ్వరరావు' సినిమాకు వెళ్లాను. వాడిది స్టువర్టుపురం. అప్పుడు ఇంటర్ చదువుతున్నాడు. తెర మీద తన ఊరి పేరు పడగానే కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. రైలు దోపిడీ దృశ్యానికి హాలంతా ఈలలు వేస్తుంటే వాడూ వేశాడు. ఆట అయ్యాక బయటికొచ్చి ఆటో ఎక్కాం. పక్కన కూర్చున్న పెద్దాయన కూడా ఆ సినిమా చూసి వస్తున్నవాడే. కాసేపు ఫైట్ల గురించి మాట్లాడి, "ఏ ఊరు బాబూ మీది?" అని అడిగాడు. "బాపట్లండీ" అన్నాడు మావాడు.

నేనేమీ అనలేదు. చదువుకునే రోజుల్లో నేనూ అదే చెప్పేవాణ్ణి.

ఆ సినిమా మమ్మల్ని తిట్టలేదు. ఒక ఎరుకల యువకుణ్ణి హీరోని చేసి, పెద్ద నటుడి చేత వేయించి, కోట్లు ఖర్చు పెట్టి తీసింది. చివరికొచ్చేసరికి అతని మీద జాలి, గౌరవం కలిగేలా చేసింది. అయినా ఆ ఊరి పిల్లవాడు తన ఊరి పేరు దాచుకున్నాడు. ఎందుకు దాచుకున్నాడన్నదే నన్ను చాలా రోజులు పట్టి పీడించింది. సినిమాలో మా గురించి ఏం చెప్పారన్న దానికన్నా ఎలా చెప్పారన్న దాంట్లో జవాబు దొరుకుతుందని నాకు అనిపిస్తోంది.

ముందు ఊరి సంగతి. బాపట్లకూ చీరాలకూ మధ్య, మద్రాసు రైలు మార్గం పక్కన ఉంటుంది స్టువర్టుపురం. మొన్న 2022 దాకా గుంటూరు జిల్లా, ఇప్పుడు బాపట్ల జిల్లా. మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారి అయిన హెరాల్డ్ స్టువర్ట్ పేరు దానికి పెట్టారు. తెల్లదొరలు 1871లో తెచ్చిన నేరస్త జాతుల చట్టాన్ని 1911లో మద్రాసు రాష్ట్రానికీ విస్తరింపజేశారు. ఆ తర్వాత 1913లో ఎరుకలవాళ్లను తెచ్చి ఇక్కడ ఉంచి, సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. హాజరు పట్టీ, ఊరు దాటాలంటే చీటీ. చీరాల పొగాకు కంపెనీకి కూలీలు ఇక్కణ్ణుంచే వెళ్లేవారు. 1952 ఆగస్టు 31న దేశమంతటా ఆ చట్టం రద్దయింది. అందుకే మనల్ని విముక్త జాతులు అంటున్నారు. కాగితం మీద విముక్తి వచ్చి డెబ్బై ఏళ్లు దాటినా, వెండితెర మీద మాత్రం ఆ హాజరు పట్టీ ఇంకా నడుస్తూనే ఉంది.

1991లో ఒకే ఏడాది రెండు తెలుగు సినిమాలు ఈ ఊరి పేరుతో వచ్చాయి. ఒకటి చిరంజీవి నటించగా యండమూరి వీరేంద్రనాథ్ దర్శకత్వం వహించిన 'స్టువర్టుపురం పోలీస్ స్టేషన్', రెండోది 'స్టువర్టుపురం దొంగలు'. కథల మంచిచెడ్డలు పక్కన పెడదాం. పేర్లు చూడండి. ఊరి పేరు పక్కన ఒకదాంట్లో పోలీస్ స్టేషన్ వచ్చి కూర్చుంది, ఇంకోదాంట్లో దొంగలు. ఆ ఊళ్లో బడి ఉంది, చర్చి ఉంది, పొలాలున్నాయి, పొగాకు కంపెనీలో పనిచేసి ఊపిరితిత్తులు పాడుచేసుకున్న ముసలివాళ్లున్నారు. పోస్టర్ రాసేవాడికి అవేవీ అందలేదు. గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ఆ సినిమాలు చూడనివాళ్లకు కూడా ఆ రెండు పేర్లు తెలుసు. చూసినవాడు కథ మర్చిపోతాడేమో గాని పేరు మర్చిపోడు.

2023 సినిమాకు ముందు దాని ప్రచార చిత్రాలు వచ్చాయి. ఊరిని నేరాల రాజధాని అన్న అర్థం వచ్చేలా పరిచయం చేశారు. మనవాళ్లకు కోపం వచ్చింది. ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో పిటిషన్ కూడా పడింది. పిటిషన్ వేయడం న్యాయమే. కానీ కోర్టు ఒక మాటను తీయించగలదు, ఒక దృశ్యానికి కత్తెర వేయించగలదు. కెమెరా ఎక్కడ నిలబడాలో కోర్టు చెప్పలేదు. ఆ పని విమర్శ చేయాలి, ఆ పైన మన పిల్లలు చేయాలి.

కెమెరా ఎక్కడ నిలబడిందో 'టైగర్ నాగేశ్వరరావు'లోనే చూద్దాం. ఈ సినిమాలో కథ చెప్పేది ఎవరు? ఢిల్లీలో ఒక నిఘా అధికారి ఉంటాడు. ఆ పాత్ర అనుపమ్ ఖేర్ వేశాడు. నాగేశ్వరరావు ఎవరని ఆయన అడుగుతాడు. మురళీ శర్మ వేసిన ఇంకో పోలీసు అధికారి చెప్పడం మొదలుపెడతాడు. అంటే ఒక పోలీసు ఇంకో పోలీసుకు చెబుతున్న కథను మనం పక్కన కూర్చుని వింటున్నామన్నమాట. మన ఊరు తెర మీదికి వచ్చేదే ఒక ఫైలులోంచి. నాగేశ్వరరావు తల్లి కథ చెబితే అది ఎక్కడ మొదలయ్యేది? బహుశా పొయ్యి దగ్గర, వాన పడుతున్న రాత్రి, ఇంటికి రాని మనిషి కోసం కాచుకుంటూ. పోలీసు చెబితే కథ నేరం దగ్గర మొదలవుతుంది, ఎందుకంటే అతనికి ఆ మనిషితో పరిచయం అక్కడే. నేరానికి ముందున్న బతుకు అతనికి కారణంగా మాత్రమే కనిపిస్తుంది. తర్వాత ఎంత జాలి చూపించినా అది ఫైలు మూసేముందు రాసిన మంచి మాటలాగే ఉంటుంది.

కథకుణ్ణి మార్చితే కథ మారుతుందన్నది మనకు కొత్త విషయం కాదు. తంబుర పట్టుకుని గద్దె చెప్పే మన ముసలమ్మలకు ఇది పుట్టుకతో తెలుసు. ఎదుటివాళ్ల కథను వాళ్ల వైపు నుంచి చెబితేనే గదా సోలెడు బియ్యం రాలేది.

ఇంకో చిక్కు కథానాయకుడి కొలతలోనే ఉంది. వాణిజ్య సినిమాకు హీరో పెద్దవాడు కావాలి. హీరో పెరగాలంటే చుట్టూ ఉన్నవాళ్లు తగ్గాలి. మామూలు హీరో సినిమాలో ఆ నష్టం ఊరూ పేరూ లేని జనానికి జరుగుతుంది కాబట్టి ఎవరికీ నొప్పి తెలియదు. ఇక్కడ అది నిజమైన ఊరు, నిజమైన కులం. వేలమందిలో ఒక్కడు పులి అని చెప్పడానికి మిగిలినవాళ్లందరినీ గుంపుగా, మసి పూసిన మొహాలతో, కత్తులతో నిలబెట్టాల్సి వచ్చింది. హైదరాబాద్ శివార్లలో వేసిన ఊరి సెట్టు చూస్తే, అక్కడ ఎవరైనా పడుకుంటారని, పిల్లలకు అన్నం పెడతారని అనిపించదు. గొడవ జరగడానికి కట్టిన చోటులా ఉంటుంది. మావాడు ఈల వేసింది పులికి. ఆటోలో దాచుకున్నది ఆ గుంపుని. ఒకే సినిమా వాడి చేత రెండు పనులూ చేయించింది.

హేమలతా లవణం పాత్ర కూడా ఇందులో ఉంది. రేణూ దేశాయ్ వేసింది. వినుకొండలో పుట్టిన మహాకవి జాషువా కూతురు హేమలత. భర్త లవణంతో కలిసి డెబ్బైల నుంచి స్టువర్టుపురంలో పనిచేసింది. ఒక మనిషి చేత దొంగతనం మాన్పించడం, మానేసినవాడికి పని దొరికించడం, ఆ పని ఇచ్చినవాడు మర్నాడే అనుమానంతో తీసేస్తే మళ్లీ మొదటికి రావడం, ఇవన్నీ ఎంత ఓపికతో కూడిన పనులో ఆలోచించండి. సినిమా తీసేవాడికి ఇంతకన్నా ఉత్కంఠ కావాలా? మూడు గంటలకు పైబడిన సినిమాలో ఈ పనికి దక్కింది కొంచెం చోటు. విడుదలయ్యాక సినిమా నిడివి ఎక్కువైందని కోశారు కూడా. ఫైట్లకు మాత్రం లోటు రాలేదు.

ఇప్పుడు రైలు దగ్గరికి వస్తాను. ఆ దృశ్యం బాగా తీశారు, కాదనను. నేనూ కుర్చీ అంచుకు వచ్చి చూశాను. ఇంటికొచ్చాక మాత్రం ఒక సంగతి బుర్రలో తిరిగింది. మనలో తెగల పేర్లు గుర్తు చేసుకోండి. ఉప్పు ఎరుకల, కరివేపాకు ఎరుకల, దబ్బ ఎరుకల, కుంచె ఎరుకల. ఒక్కదాంట్లోనైనా దొంగతనం ఉందా? అన్నీ వృత్తులే. వెదురు చీల్చి బుట్టలల్లినవాళ్లు, నేతగాళ్లకు కుంచెలు కట్టిచ్చినవాళ్లు. ఉప్పు ఎరుకలవాళ్లు ఎద్దుల మీద, గాడిదల మీద కోస్తా ఉప్పును ఎగువ పల్లెలకు చేరవేసి, అక్కణ్ణుంచి ధాన్యం తెచ్చేవాళ్లు. తెల్లవాళ్లు ఉప్పు మీద పెత్తనం చేతిలోకి తీసుకున్నారు, రైలు వేశారు. వారం రోజుల బాటను రైలు ఒక్క పూటలో దాటింది. ఎద్దుల బిడారుకు పని లేకుండా పోయింది. అడవి చట్టాలొచ్చి వెదురు, మేత కూడా అందకుండా పోయాయి. తిరుగుతూ బతికేవాళ్లు తిరగడానికి కారణం పోగొట్టుకున్నారు. కారణం లేకుండా తిరిగేవాణ్ణి పోలీసు అనుమానించాడు. మీనా రాధాకృష్ణ అనే చరిత్రకారిణి 2001లో వచ్చిన తన పుస్తకంలో మద్రాసు రాష్ట్రపు కొరవ, ఎరుకల జాతుల గురించి ఈ సంగతులన్నీ రాసింది. మన డిగ్రీ పిల్లలు తప్పక చదవాల్సిన పుస్తకం.

అంటే రైలు మీద పడ్డ ఎరుకలవాణ్ణి తెర మీద చూశాం. ఎరుకలవాడి బతుకు మీద పడ్డ రైలును ఒక్క సినిమా కూడా చూపించలేదు. దానికి కోట్లు అక్కర్లేదు. ఉప్పు బస్తాలు మోసే ఎద్దుల మెడగంటలు వినిపిస్తూ ఉండగా దూరంగా రైలు కూత వినబడి, తర్వాతి దృశ్యంలో గంటలు లేకపోతే చాలు. తర్వాత వచ్చే దోపిడీని ప్రేక్షకుడు ఇంకో కంటితో చూస్తాడు. ఈల వేయాలా వద్దా అని ఒక్క క్షణమన్నా ఆగుతాడు.

దొంగతనాన్ని ఎలా తీయాలో తెలుసుకోవాలంటే ఇటలీ సినిమా 'బైసికిల్ థీవ్స్' చూడండి. విట్టోరియో డిసీకా 1948లో తీశాడు. యుద్ధం తర్వాతి రోమ్ నగరం. పోస్టర్లు అంటించే ఉద్యోగానికి సైకిలు ఉండాలి. ఇంట్లో దుప్పట్లు తాకట్టు పెట్టి సైకిలు విడిపించుకుంటాడు ఆంటోనియో. మొదటి రోజే దాన్ని ఎవడో ఎత్తుకుపోతాడు. కొడుకుని వెంటబెట్టుకుని ఊరంతా వెతుకుతాడు. దొరకదు. చివరికి తనే ఒక సైకిలు ఎత్తుకుపోబోయి దొరికిపోతాడు. దొంగతనం తెర మీద జరిగేది ఒక్క నిమిషం. దాని వెనక గంటకు పైగా నడక, ఆకలి, చెప్పులరిగే తిరుగుడు ఉన్నాయి. జనం ఆంటోనియోని కొడుతుంటే కెమెరా ఆ గుంపులో కలిసిపోదు, కొడుకు మొహం దగ్గరికి పోతుంది. చూస్తున్న మనకు వాడు దొంగ అన్న మాటే నోటికి రాదు. అందులో ఉపన్యాసం లేదు, జాలి పాట లేదు. కెమెరా ఎవరి పక్కన నిలబడాలో దర్శకుడికి తెలుసు, అంతే.

మనకు దగ్గరి సినిమా 'జై భీమ్'. 2021 నవంబరులో తమిళంతో పాటు తెలుగులోనూ వచ్చింది. దర్శకుడు జ్ఞానవేల్. మొదటి దృశ్యం గుర్తుందా? జైలు గేటు బయట, విడుదలై వచ్చినవాళ్లను ఒక్కొక్కరిని ఆపి కులం అడుగుతారు. పెద్ద కులం పేరు చెబితే ఇంటికి పంపేస్తారు. మనలాంటివాళ్ల పేరు చెబితే పక్కన నిలబెట్టి, తేలని కేసుల కింద మళ్లీ స్టేషన్లకు పంచేస్తారు. నాలుగైదు నిమిషాల్లో నేరస్త జాతుల చట్టం మొత్తం వచ్చేసింది. చట్టం పేరెత్తలేదు, చరిత్ర పాఠం చెప్పలేదు. బడిలో టీచర్లు ఈ దృశ్యాన్ని ఒకసారి శబ్దం తీసేసి పిల్లలకు చూపించి, ఇక్కడ ఏం జరుగుతోందని అడగండి. ఎవరు నిలబడ్డారు, ఎవరు కూర్చున్నారు, ఎవరి చేతులు ఎక్కడున్నాయి అని పిల్లలే చెబుతారు.

ఆ తర్వాత పొలంలో పొగ పెట్టి ఎలుకలు పట్టడం. మన మాగాణి పల్లెల్లో యానాదులు చేసే పనే. తెలుగు సినిమాలో ఎలుకలు పట్టే మనిషి కనబడితే నవ్వించడానికే. ఇక్కడ అది నేర్పుగా, సరదాగా, ఇంటిల్లిపాదీ చేసే పనిగా ఉంది. ముందు పనిని చూపించారు కాబట్టి ఆ తర్వాత వాళ్ల మీద దొంగతనం మోపితే మనకు మంట పుడుతుంది. ఇంకో దృశ్యం నేనెప్పటికీ మర్చిపోలేను. స్టేషన్‌కు తెచ్చిన నిండు గర్భిణి సినతల్లిని జీపులో ఇంటికి దింపమని పైనుంచి హుకుం వస్తుంది. ఆమె జీపు ఎక్కదు. కూతురి చెయ్యి పట్టుకుని రోడ్డు వెంట నడిచిపోతుంది. జీపు వెనకాలే మెల్లగా వస్తుంది. ఎన్ని తరాలు మనం జీపు వెనక నడిచాం! ఆ ఒక్కసారి జీపు మన వెనక నడిచింది.

అయినా ఈ సినిమా మీద నాకో ఫిర్యాదు ఉంది. 1993లో తమిళనాట నిజంగా జరిగిన కేసు ఇది. లాకప్‌లో చనిపోయిన మనిషి కురవ జాతివాడు. కురవ, కొరవ, కొరచ, ఎరుకల, ఇవన్నీ ఒకే కొమ్మలు. సినిమాలో అతన్ని ఇరుళ జాతివాడిగా చూపించారు. ఇరుళలు మన యానాదుల్లాంటివాళ్లు, వాళ్ల కష్టమూ చిన్నది కాదు, అది తెర మీదికి రావడం మంచిదే. కానీ దొంగ ముద్ర వేసి ఒక కురవవాణ్ణి చంపితే, ఆ కథ చెప్పేటప్పుడు అతని జాతి పేరు జారిపోయింది. మనవాడు దొంగగా ఉన్న సినిమాలో ఊరి పేరు, కులం పేరు చెక్కుచెదరకుండా ఉంటాయి. నిర్దోషిగా ఉన్న సినిమాలో పేరు మారిపోయింది. దీన్ని కుట్ర అనను. కానీ గమనించకుండా పోలేను.

సగం నుంచి ఆ సినిమా కూడా లాయరు సినిమా అయిపోతుంది. సూర్య వాదిస్తుంటే సినతల్లి బెంచీ మీద కూర్చుంటుంది. పెద్ద నటుడు లేకపోతే అంతమంది చూసేవారు కాదన్న మాట నిజమే. ఆ కథను లాయరు దాకా చేర్చింది అక్షరాలు నేర్పే ఒక టీచరమ్మ అన్న సంగతి మాత్రం టీచర్లు మర్చిపోకండి.

నల్లమల వైపు చెంచులకైతే మొదటి నుంచీ ఇంకో రకం దెబ్బ. 'చెంచులక్ష్మి' 1943లో ఒకసారి, 1958లో అంజలీదేవి, నాగేశ్వరరావులతో ఇంకోసారి వచ్చింది. అడవి అందం, పూసలు, పాటలు. ఎర్రగొండపాలెం పైన పెంటల్లో ఉండే చెంచువాళ్లకు ఆ సినిమాలో బంధువులెవరూ కనబడరు. మమ్మల్ని దొంగల్ని చేశారు, వాళ్లను దేవుడి అత్తవారిని చేశారు. ఏది మేలో తేల్చుకోవడం కష్టం.

మరి మనమే తీస్తే? అహ్మదాబాద్ ఛారానగర్ చూడండి. ఛారాలూ నేరస్త జాతి ముద్ర పడ్డవాళ్లే. వాళ్లకూ ఒక సెటిల్‌మెంటు ఉండేది. 1998లో పశ్చిమ బెంగాల్లో బుధన్ శబర్ అనే గిరిజనుడు పోలీసు కస్టడీలో చనిపోయాడు. ఛారా యువకులు ఆ చావు మీద నాటకం కట్టి, బుధన్ థియేటర్ అనే బృందాన్ని నిలబెట్టారు. వీధుల్లో ఆడారు, తర్వాత కెమెరా పట్టారు. వాళ్ల మీద 2011లో ఒక డాక్యుమెంటరీ కూడా వచ్చింది. నాటకంలో పోలీసు వేషం వేసినవాడు ఛారానే, దెబ్బలు తిన్నవాడూ ఛారానే. పోలీసు ఎలా నిలబడతాడో, లాఠీ ఎలా తిప్పుతాడో వాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు.

మన దగ్గర ఇప్పుడు ప్రతి తండాలో, ప్రతి కాలనీలో ఫోన్లున్నాయి. పిల్లలు రీల్స్ తీస్తున్నారు. చాలావాటిలో వాళ్లు కూడా టైగర్ లాగే నడుస్తున్నారు, వెనక అదే సంగీతం. తప్పు పట్టను, చూసిందే చేస్తారు. కానీ మిరప కోతల కాలంలో మన ఊళ్ల పక్క కల్లాల దగ్గరికి వెళ్లండి. సుగాలి ఆడవాళ్లు మొహానికి గుడ్డ కట్టుకుని ఎర్రకాయల్లోంచి తాలుకాయలు ఏరుతుంటారు. చంటిపిల్లలు పరదా నీడలో పడుకుని తుమ్ముతుంటారు. ఆ తుమ్ము ఏ సినిమాలోనూ వినబడలేదు. సినిమాలో మిర్చి అంటే ఎర్రటి నేపథ్యం, దాని మీద ఫైటు. కల్లం నుంచి టిక్కీ గుంటూరు యార్డుకు చేరేదాకా ఎన్ని చేతులు మారుతుందో, ఏ చేతికి ఎంత మిగులుతుందో ఒక పిల్ల తన అమ్మ వెంట నడుస్తూ తీస్తే అదే మంచి సినిమా. ప్రత్తి తీతకు పోయి బడి మానేసిన పిల్ల ఎవరో టీచర్లకు తెలుసు. ఆ పిల్ల చేతికి ఫోను ఇచ్చి, పొలం గట్టు నుంచి బడి ఎలా కనబడుతుందో తీసి చూపించమని అడగండి.

ఒకటే జాగ్రత్త చెబుతాను. మన బాధను తీస్తున్నాం గదా అని మన మనుషుల మొహాల్లోకి కెమెరా దూర్చకండి. ఏడుస్తున్న ముసలమ్మను దగ్గరగా తీసి, కింద విషాద సంగీతం పెడితే అది కూడా ఒక రకం హాజరు పట్టీయే. ముందు ఆమెతో కూర్చోండి. ఆమె బుట్ట అల్లుతుంటే చేతులు చూడండి. మాట్లాడాలనిపిస్తే మాట్లాడుతుంది.

మావాడు ఇప్పుడు డిగ్రీలో ఉన్నాడు. మొన్న సంక్రాంతికి నాలుగు నిమిషాల వీడియో ఒకటి చూపించాడు. స్టువర్టుపురం స్టేషన్ బోర్డు. దాని ముందు నుంచి ఆగకుండా పోయే ఎక్స్‌ప్రెస్. ఆ రొద తగ్గేదాకా బోర్డు మీదే ఉంచాడు, బోర్డు పూర్తిగా చదవడానికి వీలుగా. తర్వాత మా అమ్మ, అంటే వాడి అమ్మమ్మ, గుమ్మంలో కూర్చుని ఈత బరికెలతో బుట్ట అల్లుతూ ఎరుకల భాషలో వాణ్ణి తిడుతోంది, వెలుగుకు అడ్డం తప్పుకోమని. పనిలో పనిగా వాళ్ల తాత ఉప్పు ఎద్దుల సంగతి కూడా ఏదో చెప్పింది. తెలుగు సినిమాలో మా భాష వినబడిన సందర్భం నాకైతే ఒక్కటీ గుర్తులేదు. ఆ చిన్న ఫోనులోంచి అది వినబడుతుంటే చెవులను నమ్మలేకపోయాను.

"మావయ్యా, అమ్మమ్మ మాటలకు కింద తెలుగులో అక్షరాలు వెయ్యనా, వద్దా?" అని అడిగాడు. వేస్తే అందరికీ అర్థమవుతుంది. వేయకపోతే అర్థం కావాలనుకున్నవాడు మన దగ్గరికి వచ్చి అడగాలి. రెండు వైపులా న్యాయం ఉంది. వాడికి నేనింకా జవాబు చెప్పలేదు.